టేపు అవతలి కొస

ఆ రోజుకి ఫుట్‌బాల్ లీగ్ ఆఫీసు పెద్దగుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున లీగ్ కప్పు డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చీటీలు తీయడం, అయిపోతుంది. బంతులూ గాజుపాత్రా బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి బావమరిదితో కలిసి భోంచేస్తాడు. అంతే. ఎవరికీ హాని చేసే పథకం కాదది.

బావమరిది అప్పటికే ఇంట్లో దిగాడు, ఇస్త్రీ చొక్కాతో సహా. అతను సబ్బుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పగలంతా సబ్బులు కోసే యంత్రం దగ్గర నిలబడతాడు, సాయంత్రాలు ఫ్యాక్టరీ జట్టు గోల్‌పోస్టు దగ్గర నిలబడతాడు. ఆ జట్టు దేశంలోని పెద్ద క్లబ్బులన్నీ ఆడే లీగ్ కప్పుకి అర్హత సంపాదించడం ఇదే మొదటిసారి. అతనికి ఇదే ఆఖరిసారి కూడా. మోకాలు చూసిన డాక్టరు ఈ సీజనుతో ఆట మానెయ్యమని తేల్చి చెప్పాడు.

"ఎవరొచ్చినా పర్లేదు బావా," అన్నాడు చెప్పులేసుకుంటున్న బావతో. "ఓడరేవు క్లబ్బే రానీ. ఆరు గోల్సు కొట్టి పంపించినా సరే. ఆ పెద్ద స్టేడియంలో, లైట్ల కింద, ఒక్క మ్యాచి నిలబడితే చాలు నాకు."

"ఆరు గోల్సెందుకురా, నోరు మంచిదైతే ఏం పోయింది!" అని కసిరింది అక్క. కసిరి, మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, ఆ బంతులు సర్దేది మీరే కదా. కాస్త మెత్తని జట్టేదో చూసి మావాడి పక్కన పడెయ్యకూడదూ?"

"అదేమన్నా కూరగాయల సంచీనా, ఏరి పెట్టడానికి? ఎవరికి ఎవరొస్తే వాళ్ళే."

"ఇన్నేళ్ళ ఉద్యోగం! ఆ మాత్రం చెయ్యలేరు," అంది ఆవిడ.

చెయ్యలేడు. పెద్దగుమాస్తా నిజాయితీపరుడు. పైనుంచి ఎవరూ వద్దని చెప్పనంతకాలం చివరిదాకా నిజాయితీగా ఉండగల మనిషి.

లీగ్ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ కార్యక్రమానికైనా ఫోటో ముందే తీసేస్తారు. అయిపోయాక తీస్తే అప్పటికి అధ్యక్షులవారికి చెమట పట్టి ఉంటుంది, జుట్టు చెదిరి ఉంటుంది. అంచేత రిబ్బను కత్తిరించకముందే కత్తిరించినట్టూ, బహుమతి ఇవ్వకముందే ఇచ్చినట్టూ ఫోటోలు దిగుతారు. ఒకసారి సంతాపసభకి కూడా, పోవలసినాయన ఇంకా ఆస్పత్రిలో ఉండగానే, తల వంచుకుని నిలబడి దిగారు. ఆయన ఆ తర్వాత కోలుకుని చాలాకాలం బతికాడు, అది వేరే ఇబ్బంది.

ఆ పొద్దున కూడా అదే జరిగింది. బల్లమీద గాజుపాత్రలో క్లబ్బుకొకటి చొప్పున పదహారు ప్లాస్టిక్ బంతులున్నాయి. ఒక్కో బంతి తిప్పితే రెండు చిప్పలుగా విడిపోతుంది, లోపల ఒక క్లబ్బు పేరు రాసిన చీటీ ఉంటుంది. ఫోటోగ్రాఫరు కెమెరా సర్దుకుంటుండగా అధ్యక్షులవారు దువ్వెన జేబులో పెట్టుకుని వచ్చారు.

"ఓడరేవు చీటీ ఇవ్వు. అది పట్టుకుంటాను. ఓడరేవంటే పేపర్లో మొదటి పేజీ."

"ఏ బంతిలో ఉందో తెలీదండి. అన్నీ ఒకటే రంగు," అన్నాడు పెద్దగుమాస్తా.

"అయితే ఇంకోటి రాసెయ్. దానికేం భాగ్యం!"

పెద్దగుమాస్తా రాశాడు. పైనున్న బంతి తీసి విప్పాడు. అందులో ఉన్నది సబ్బుల ఫ్యాక్టరీ చీటీ. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఓడరేవు చీటీని చిప్పలో పెట్టి అధ్యక్షులవారి చేతికిచ్చాడు. ఆయన దాన్ని పైకెత్తి, అప్పుడే చూసి ఆశ్చర్యపోతున్న మొహం పెట్టారు. ఫోటో అద్భుతంగా వచ్చింది. ఆ క్షణమే పత్రికలకు వెళ్ళిపోయింది.

ఇక బంతి వెనక్కి తీసుకుని చీటీ మార్చడమే తరువాయి. కానీ అధ్యక్షులవారు మంచి ఉత్సాహంలో ఉన్నారు. ఎన్నడూ సొంత చేత్తో ఒక్క పని చెయ్యని మనిషి, ఆ రోజెందుకో బంతి తనే మూసి, గాజుపాత్రలో పడేసి, మోచేతుల దాకా చేతులు పెట్టి కలియబెట్టారు.

"అయ్యా! ఆ బంతి..."

"ఏ బంతి?"

నిజమే, ఏ బంతి? అన్నీ ఒకటే రంగు. "అందులో ఉన్నది అసలు..." అని మొదలుపెట్టాడు పెద్దగుమాస్తా.

"తర్వాత చెప్దువుగాని. లైట్లు వేసేశారు."

టీవీవాళ్ళు అప్పటికే వేళ్ళతో లెక్కపెడుతున్నారు. ఈ మనిషి అప్పుడే అందరూ వినేలా ఒక్క కేక వేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కేక వెయ్యలేదు. గోడవారగా నిలబడి జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

చీటీలు తీయడానికి ఒకప్పటి సెంటర్ ఫార్వర్డ్ ఆటగాణ్ణి పిలిచారు. వయసు మీదపడ్డా చేతులు చురుగ్గానే ఉన్నాయి. మొదటి జతలు సాఫీగా వచ్చాయి. తర్వాత ఒక బంతి విప్పి, "ఓడరేవు!" అన్నాడు. హాల్లో చప్పట్లు. ఇంకో బంతి విప్పాడు. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఓడరేవు," అన్నాడు మెల్లగా.

  యాంకరమ్మాయి మైకు అధ్యక్షులవారి వైపు తిప్పింది. "అంటే సార్... ఓడరేవుతో ఓడరేవా?"

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. కిందటేడు డ్రాలో గోల్‌మాల్ జరిగిందని ఓడిన క్లబ్బులు గోల చేస్తే, మా లీగులో పొరపాటనేది పుట్టలేదు, పుట్టబోదు అని అధ్యక్షులవారు విలేకరుల ముందు బల్ల గుద్ది చెప్పారు. బల్ల గుద్దిన మనిషి ఏడాది తిరక్కుండా పొరపాటు జరిగిందని ఎలా అంటారు?

"అవును," అన్నారు ఆయన రెప్ప వెయ్యకుండా. "చాలా ఆసక్తికరమైన పోటీ. ఎవరు గెలుస్తారో చెప్పడం కష్టం."

"ఎవరి మైదానంలో సార్?"

"ఓడరేవుదే. అందులో వివాదానికి తావే లేదు."

పెద్దగుమాస్తా జేబులో ఫోను మోగింది. ఇంటినుంచి.

"ఏమండీ, టీవీలో అయిపోయిందంటున్నారు. మావాడి జట్టు పేరు రానేలేదు. ఇంకా ఉందా?"

"ఉందిలే," అన్నాడు.

"ఎక్కడ?"

"ఆఫీసులోనే ఉంది," అని ఫోను పెట్టేశాడు. అబద్ధమేమీ కాదు.

అధ్యక్షులవారి గదిలో తలుపు మూశారు. లోపల ఆయనా, లీగుకి సలహాలిచ్చే ప్లీడరూ, పెద్దగుమాస్తా. పెద్దగుమాస్తా చీటీ తీసి బల్లమీద పెట్టాడు. "తప్పు నాదండీ. ఇప్పుడే చెప్పేసి మళ్ళీ డ్రా తీద్దాం. ఎంతసేపు పని?"

"నీదంటే ఎవడు నమ్ముతాడయ్యా? ఫోటోలో ఉన్నది నేను!" అన్నారు అధ్యక్షులవారు. "డ్రా మొదలవకముందే ఓడరేవు చీటీ పట్టుకుని పళ్ళికిలిస్తున్నాను. మళ్ళీ తీస్తే, ముందే అంతా కుమ్మక్కయ్యారంటారు. నా పరువేం కాను?"

ఇంతలో ఓడరేవు క్లబ్బు యజమాని ఫోను చేశాడు. ఆయన ఆనందానికి హద్దుల్లేవు. మొదటి జట్టూ రెండో జట్టూ ఆడతాయి, ఏది గెలిచినా పై రౌండుకి వెళ్ళేది మేమే, ఇంత తెలివైన డ్రా నా జన్మలో చూడలేదు అన్నాడు.

"ఓడరేవు సంగతి తేలిపోయింది," అన్నాడు ప్లీడరు గోళ్ళు చూసుకుంటూ. "మిగిలింది సబ్బులవాళ్ళు. డ్రాలో వాళ్ళెందుకు లేరని అడుగుతారు. ముందే అనర్హులయ్యారంటే సరి. వాళ్ళ మైదానం పొడవెంత?"

"ఎవరూ కొలవలేదండి. ఏ క్లబ్బు మైదానాన్నీ ఎప్పుడూ కొలవలేదు."

"అయితే కొలువు. తక్కువొస్తుంది. పొడవు తక్కువున్న క్లబ్బు కప్పులో ఆడరాదని ఓ నిబంధన ఉంది."

"అలాంటిది లేదండీ."

"సాయంత్రానికి ఉంటుంది."

పెద్దగుమాస్తా నీళ్ళు నమిలాడు. చివరికి ఎలాగో కూడదీసుకుని, "ఆ జట్టు గోల్‌కీపరు నా బామ్మర్దండీ," అన్నాడు.

అధ్యక్షులవారి మొహం ఒక్కసారిగా విప్పారింది. "మరింకేం! నువ్వే వెళ్ళు. ఇంటిమనిషి కొలిస్తే ఎవడికీ అనుమానం రాదు."

మర్నాడు పొద్దున్నే పెద్దగుమాస్తా టేపు పట్టుకుని ఫ్యాక్టరీ వెనకున్న మైదానానికి వెళ్ళాడు. గాలి నిండా సబ్బు వాసన. బావమరిది అప్పుడే సున్నంతో గీతలు కొత్తగా వేసి, ఆ తెల్లటి చేతులతోనే ఎదురొచ్చాడు.

"నాకు తెలుసు బావా, నువ్వు ఊరుకోవని. నిన్ననే అక్కతో చెప్పా. బావ ఏదోటి చేస్తాడు, నువ్వు ఏడవకు, అని. మళ్ళీ డ్రాలో చేర్చడానికేగా ఈ కొలతలు?"

"ఆ... దాని గురించే," అన్నాడు పెద్దగుమాస్తా, గోల్‌పోస్టు వంక చూస్తూ.

బావమరిది టేపు కొస అందుకుని, నొప్పి మోకాలిని ఈడ్చుకుంటూ అవతలి గీత దాకా పరిగెత్తాడు. అక్కడ నేలమీద కూర్చుని కొసని రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

"లాగు బావా! సడలకుండా గట్టిగా లాగు!"

పెద్దగుమాస్తా లాగాడు. వంగి చూశాడు. మైదానం ఉండాల్సినంత ఉంది. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"ఎంతొచ్చింది?"

"సరిగ్గా ఉందిరా!"

"చెప్పలేదూ!" అని అవతలినుంచి చేతులెత్తి అరిచాడు బావమరిది. తర్వాత తనే టేపు చుట్టి, తుడిచి, టీ తాగించి, బస్సుదాకా వచ్చి ఎక్కించాడు. బస్సు కదిలాక పెద్దగుమాస్తా కాగితం మోకాలి మీద పెట్టుకుని 'రెండు మీటర్లు తక్కువ' అని రాశాడు. రాసేటప్పుడు చెయ్యి వణుకుతుందనుకున్నాడు. వణకలేదు. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసిందని చింపెయ్యలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లీగ్ ప్రకటన పేపర్లో పడిన రోజు బావమరిది ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పాడు, కుర్చీలో కూర్చున్నాడు. అరుస్తాడేమోనని పెద్దగుమాస్తా మనసులోనే సంజాయిషీలు సర్దుకున్నాడు. అతను అరవలేదు.

"రెండు మీటర్లు తక్కువని రాశావట బావా."

"అదికాదురా. పైవాళ్ళు... ఉద్యోగం... నీకు తెలీనిదేముంది. టేపు కూడా పాతది..."

"అవతలి కొస పట్టుకుంది నేనే కదా బావా," అన్నాడు బావమరిది.

 అక్క పెట్టిన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ పూటనుంచి ఆవిడ మొగుడితో మాట్లాడటం మానేసింది. చెప్పక తప్పనివి గోడకేసి చెప్పేది. "పాలు అయిపోయాయి," అనేది గోడతో. "గోడమీద టీవీ ఉంది, అదొక్కటే ఈ ఇంట్లో నిజం చెప్పింది," అని కూడా ఒకసారి గోడతోనే అంది.

ఇక ఓడరేవుతో ఓడరేవు మ్యాచి. స్టేడియం కిక్కిరిసిపోయింది. రెండు జట్లూ నీలం చొక్కాలే వేసుకొచ్చాయి. ఒక జట్టు రంగు మార్చుకోవాలన్నాడు రిఫరీ. బయటినుంచి వచ్చినవాళ్ళు కదా మార్చుకోవాలి, ఇది మా మైదానం అంది మొదటి జట్టు. మాదీ ఇదే మైదానం అంది రెండో జట్టు. చివరికి అంతా నీలంలోనే దిగారు. ఎవడు ఎవడికి బంతి తంతున్నాడో తన్నినవాడికే తెలీదు. రెండో జట్టు కుర్రాడొకడు చక్కటి గోలు కొట్టి, వెంటనే యజమాని కూర్చున్న వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టాలో తిట్టాలో తేలక పక్కవాళ్ళ మొహాలు చూశారు.

ఆ యజమాని కిందటేడే స్టేడియంలో పెద్దమనుషుల కోసం మెత్తటి కుర్చీల వరస ఒకటి కొత్తగా వేయించాడు. చోటు చాలక గోల్‌పోస్టుల వైపు గీతల్ని కాస్త లోపలికి జరిపించాడు. ఆ కుర్చీల్లో ఒకదాంట్లో రైల్వే క్లబ్బు కార్యదర్శి కూర్చున్నాడు. ఓడరేవు వాళ్ళకి ఓడినా గెలుపేనన్న సంగతి ఆయనకి పొద్దుటినుంచీ కడుపులో మండుతూనే ఉంది. కార్నర్ కిక్కు కొట్టబోతున్న ఆటగాడు పరుగు కోసమని నాలుగడుగులు వెనక్కి వేసి, వేసి, నేరుగా ఆయన ఒళ్ళో కూలబడ్డాడు.

"ఇదేం మైదానమయ్యా, నా ఒళ్ళోకొచ్చింది!" అని లేచాడు కార్యదర్శి. సగం ఆట విరామంలో ఎక్కడినుంచో టేపు తెప్పించాడు. అందరూ చూస్తుండగా కొలిపించాడు. ఓడరేవు మైదానం తక్కువ. సబ్బుల మైదానాన్ని ఎంత తక్కువని రాశారో అంతకంటే తక్కువ.

"నిబంధన అందరికీ ఒకటేనా, సబ్బులవాళ్ళకొక్కరికేనా?" అని కార్యదర్శి అక్కడే టీవీవాళ్ళని పిలిచి అడిగాడు. ఓడరేవు యజమాని ఒంటికాలి మీద లేచాడు. "అయితే రైల్వేవాళ్ళదీ కొలవండి!" అన్నాడు. మ్యాచి ఆగిపోయింది. రైల్వేవాళ్ళు బ్యాంకువాళ్ళ మైదానం వైపు వేలు చూపించారు, బ్యాంకువాళ్ళు విద్యుత్తువాళ్ళ వైపు. మాది తక్కువ కాదని ఒక్క క్లబ్బూ అనలేదు, పక్కవాడిది ఇంకా తక్కువనే అందరి బాధా. చివరికి ఆ పదిహేను క్లబ్బులూ కోర్టుకెక్కాయి. అన్ని మైదానాలూ కొలవమని కోర్టు ఒక సర్వేయరుని పంపింది.

సర్వేయరు జన్మలో ఫుట్‌బాల్ చూడని మనిషి, చూడాలన్న కోరికా లేదు. ఊరూరూ తిరిగి కొలిచి రాసుకుపోయాడు. ఒకచోట ప్రకటనల బోర్డులకోసం మైదానాన్ని కుదించారు. ఒకచోట క్యాంటీను కోసం. ఇంకోచోట యజమాని కారు ఎండకి మాడకుండా రేకుల షెడ్డు కోసం. అన్నీ తక్కువే. ఆఖర్న సబ్బుల ఫ్యాక్టరీకి వచ్చాడు. లీగు తరఫున అక్కడ నిలబడాల్సింది పెద్దగుమాస్తాయే. తేలు కుట్టిన దొంగలా గోల్‌పోస్టు పక్కన ఒదిగి నిలబడ్డాడు. టేపు అవతలి కొస పట్టుకోవడానికి మళ్ళీ బావమరిదే వెళ్ళాడు. ఈసారి పరిగెత్తలేదు, ఏమీ అరవలేదు.

"ఇది సరిగ్గా ఉంది," అన్నాడు సర్వేయరు. "ఇదొక్కటే."

ఆ మాట వినగానే పెద్దగుమాస్తా గుండెలమీంచి బండ దింపినట్టయింది. ఆఫీసుదాకా రొప్పుకుంటూ వెళ్ళాడు. "అయ్యా, దారి దొరికింది! నిబంధన ఎత్తేసి, అందర్నీ కలిపి మళ్ళీ డ్రా తీసేద్దాం. పిల్లలు ఆడుకుంటారు," అన్నాడు. ఆటగాళ్ళని పిల్లలని ఎందుకన్నాడో అతనికే తెలీదు.

"కుదరదు," అన్నాడు ప్లీడరు. "అమలు చెయ్యమని పదిహేను క్లబ్బులూ ఒకదాని మీద ఒకటి కోర్టులో ప్రమాణం చేశాయి. ఇప్పుడు ఎత్తేస్తే నిబంధన ఎప్పుడు పుట్టిందని కూడా అడుగుతారు. పదిహేనూ అనర్హులే. మిగిలింది ఒక్క క్లబ్బు. కప్పు వాళ్ళది."

"మరి నేను రాసిన కొలత?"

"టేపు సాగింది. సాగిన టేపుతో కొలిస్తే తక్కువే వస్తుంది. నీ తప్పేం లేదు."

అధ్యక్షులవారు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "చూశారా! ఒక్క ఫౌలు లేదు, ఒక్క గొడవ లేదు. ఇంత శుభ్రమైన కప్పు ఏ దేశంలోనైనా జరిగిందా?"

కప్పు ప్రదానం లీగ్ ఆఫీసు హాల్లో, పట్టపగలు. సబ్బుల జట్టువాళ్ళు షిఫ్టు మార్చుకుని, ఉతికిన జెర్సీలు వేసుకుని వచ్చి గోడవారగా బెంచీల మీద కూర్చున్నారు. పిలిచేదాకా ఎవరూ లేవలేదు. బావమరిది కొత్త గ్లవ్సు తొడుక్కుని వచ్చాడు. అధ్యక్షులవారు కప్పు చేతికందించబోతుంటే అతను చేతులు చాపలేదు.

"అయ్యా, ఒక్క మ్యాచి పెట్టించండి. ఎవరితోనైనా సరే. ఓడిపోతే కప్పు వాళ్ళకే ఇచ్చెయ్యండి."

హాల్లో కొందరు నవ్వారు. అధ్యక్షులవారు కూడా నవ్వి, అతని భుజం తట్టారు. "ఎవరితో ఆడతావయ్యా? అందరూ అనర్హులే. అనర్హులతో ఆడితే నువ్వూ అనర్హుడివైపోతావు. నీ మంచికే చెప్తున్నా." చెప్పి, కప్పు అతని చేతుల్లో పెట్టేశారు.

అతను కప్పు చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే పెద్దగుమాస్తా వెనకే వెళ్ళాడు. ఏదో ఒకటి అనాలని, "మొత్తానికి కప్పొచ్చింది కదరా," అన్నాడు.

బావమరిది ఆగాడు. మోకాలు నొప్పికి మెట్టు మీదే కూర్చున్నాడు. పళ్ళతో లాగి గ్లవ్సు ఒక్కొక్కటే విప్పాడు. వాటికి ఒక్క మట్టి మరక లేదు.

"ఇంటికెళ్తే పిల్లలు అడుగుతారు బావా, ఎవర్ని ఓడించావు నాన్నా అని. ఎవర్నని చెప్పమంటావు?"

  పెద్దగుమాస్తా అతని పక్కన కూర్చుందామనుకున్నాడు. కూర్చునే ధైర్యం చాలక రెండు మెట్లు పైనే నిలబడిపోయాడు.

ఇంతలో లోపలినుంచి అధ్యక్షులవారు కేకేసి పిలిచారు. ఇంకో బహుమతి మరిచిపోయారట: టోర్నమెంటు మొత్తంలో ఒక్క గోలూ పడనివ్వనందుకు, ఉత్తమ గోల్‌కీపరు పతకం.